వచ్చాడు – వచ్చిండు : క్రియాపదాన్ని విడదీసే విద్య

హైదరాబాదు నుండి ముంబయికి వెళ్ళే జాతీయ రహదారిపై రామచంద్రాపురం దాటితే పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి వరకు కర్మాగారాల వరుస సాగుతుంది. ఉదయం షిఫ్టు మారే వేళ ఆ దారిలో నిలబడితే ఒక్క గడియలో అయిదారు భాషలు వినవచ్చు. పల్లెల నుండి వచ్చిన వారి తెలంగాణ తెలుగు, పట్టణపు ఉర్దూ, సరిహద్దు దాటి వచ్చిన మరాఠీ, కన్నడం, దూరప్రాంతాల నుండి బతుకుతెరువు కోసం వచ్చిన వారి హిందీ, ఒడియా, బెంగాలీ అక్కడ కలగలిసి వినిపిస్తాయి. ఇన్ని భాషల నడుమ పెరుగుతున్న విద్యార్థులకు భాష ఎలా నిర్మితమవుతుందో తెలుసుకొనే అవకాశం ఇంటి గడపలోనే ఉన్నది. ఆ అవకాశాన్ని మన తరగతి గదులు తగినంతగా వినియోగించుకోవడం లేదన్నది ఈ వ్యాసంలోని ప్రధానమైన ఆవేదన.

ఈ ప్రాంతానికి ఫ్రెంచి భాష కూడా కొత్తది కాదు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి మెట్ట పంటలపై పరిశోధనలు చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో నెలకొన్నది. ఆ సంస్థకు పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్, మాలి దేశాలలోనూ కేంద్రాలున్నాయి. ఆ రెండు దేశాలూ 1960 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నవే. అక్కడి కార్యాలయాలలో నేటికీ ఫ్రెంచి వ్యవహారంలో ఉన్నది. మన తెలుగువారిలోనే యానాం ప్రజలు 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండి ఆ భాషను బడులలో చదువుకున్నారు. ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా తెలుగు, హిందీ, సంస్కృతం, ఉర్దూ, అరబిక్ భాషలతోపాటు ఫ్రెంచిని ఎన్నుకొనే వీలు కూడా ఉన్నది. కావున ఒకే కళాశాలలో ఒక గదిలో తెలుగు పాఠం, పక్క గదిలో ఫ్రెంచి పాఠం జరగడం అసంభవమేమీ కాదు. ఆ రెండు గదుల మధ్య గోడను కాసేపు తొలగించి చూద్దాం.

ఫ్రెంచి నేర్చుకొనేవారికి మొదట ఎదురయ్యేది క్రియారూపాల పట్టిక. 'మాట్లాడు' అనే అర్థం గల క్రియ ఆ భాషలో 'పార్లే'. 'నూ పార్లోఁ' అంటే 'మేము మాట్లాడతాము'. ఇక్కడ అరసున్న ముక్కుతో పలికే అచ్చుకు గుర్తు. 'పార్లోఁ' అనే ఈ చిన్న మాటను రెండు విధాలుగా విడదీయవచ్చు. నోటితో నెమ్మదిగా పలికితే అది 'పార్ – లోఁ' అని రెండు ముక్కలవుతుంది. ఇది చెవి చేసే విభజన. దీనినే ఉచ్చారణాక్షర విభజన అంటారు. అర్థాన్ని బట్టి విడదీస్తే అది 'పార్ల్ – ఓఁ' అవుతుంది. 'పార్ల్' మాట్లాడడాన్ని తెలిపే ధాతువు. 'ఓఁ' మేము అనే కర్తను సూచించే ప్రత్యయం. ఇది బుద్ధి చేసే విభజన. ఇలా వచ్చిన ముక్కలను పదాంశాలు అంటారు. చెవికి తోచిన గీటు రేఫకు, లకారానికి నడుమ పడింది. అర్థానికి తోచిన గీటు లకారం దాటిన తరువాత పడింది. మాట ఒకటే అయినా గీట్లు పడిన చోట్లు వేరు.

ఈ భేదం పారిశ్రామికవాడలోని వారికి సులభంగా బోధపడుతుంది. ఒక పెద్ద యంత్రాన్ని లారీకెక్కించి పంపవలసినప్పుడు దాని బరువును, పొడవును బట్టి ముక్కలు చేసి పెట్టెలలో సర్దుతారు. అదే యంత్రాన్ని మరమ్మతు చేయవలసి వస్తే ఏ భాగం ఏ పని చేస్తుందో చూసి విప్పుతారు. మొదటి విభజన మోయడానికి, రెండవది తెలుసుకోవడానికి. రెండూ అవసరమే. ఒకదాని స్థానంలో మరొకటి చేస్తే పని చెడుతుంది.

ఫ్రెంచి క్రియను విడదీసే కొద్దీ ఆసక్తికరమైన విషయాలు బయటపడతాయి. నేను, నువ్వు, అతడు, వారు అనే నాలుగు కర్తలకూ ఆ క్రియ వర్తమానంలో 'పార్ల్' అనే ఒక్క తీరుగానే వినిపిస్తుంది. రాతలో మాత్రం చివరి అక్షరాలు మారుతాయి. 'వారు' అనే కర్తకు చివర ఈ, ఎన్, టి అనే మూడు అక్షరాలు రాస్తారు, పలకరు. అవి ఒకనాటి ఉచ్చారణకు మిగిలిన గుర్తులు. అంటే కంటికి కనిపించే ప్రత్యయం చెవికి లేదు. అందువల్లనే ఆ భాషలో కర్తను చెప్పకుండా వాక్యం నడవదు. తెలుగులో 'వచ్చాను' అంటే చాలు, 'నేను' అని వేరుగా చెప్పనక్కరలేదు. చివరి 'ను' ఆ పని చేస్తుంది. క్రియను విడదీసి చూసినప్పుడే రెండు భాషల మధ్యనున్న ఈ తేడాకు కారణం అవగతమవుతుంది.

మరొక ఉదాహరణ చూద్దాం. 'మాకు ఉన్నది' అనే అర్థంలో ఫ్రెంచివారు వాడే మాటలు విడివిడిగా 'నూ', 'ఆవోఁ'. కలిపి పలికినప్పుడు 'నూ – జా – వోఁ' అవుతుంది. మొదటి మాట చివర నిద్రాణంగా ఉన్న హల్లు మేలుకొని రెండవ మాటలోని అచ్చును ఆశ్రయిస్తుంది. మన సంధి ప్రకరణం చదివిన వారికి ఇది వింతగా తోచదు. అక్కడ కూడా చెవి వేసే గీటు ఒకచోట, అర్థం వేసే గీటు వేరొకచోట.

ఇక భవిష్యత్కాలం. 'మాట్లాడతాను' అనడానికి ఫ్రెంచిలో 'జ పార్లరే' అంటారు. ఈ రూపం పుట్టుకను భాషాచరిత్రకారులు స్పష్టంగా వివరించారు. లాటిన్ వాడుకలో 'మాట్లాడవలసి నాకున్నది' అనే పద్ధతిలో క్రియ పక్కన 'కలిగియుండు' అనే అర్థం గల సహాయక క్రియను చేర్చేవారు. కాలక్రమేణా ఆ రెండు మాటలూ ఒకటిగా అతుక్కొని, సహాయక క్రియ ప్రత్యయంగా కరిగిపోయింది. నిన్నటి మాట నేటి ప్రత్యయం కావడం ఒక్క ఫ్రెంచికే ప్రత్యేకం కాదు. 'వస్తున్నాడు' అనే మన మాటను విప్పితే 'వస్తూ', 'ఉన్నాడు' అనే రెండు పూర్తి మాటలు కనిపిస్తాయి. అక్కడ 'కలిగియుండు', ఇక్కడ 'ఉండు'. ఖండాలు వేరైనా మనుషులు మాటలను మలచుకొనే పద్ధతిలో ఇంతటి పోలిక ఉండడం మనం గమనించదగిన విషయం.

ఈ విద్య మన విద్యార్థులకు తెలియనిదా అంటే, తెలిసినదే. పద్యానికి గణవిభజన చేసేటప్పుడు వారు చెవితో విడదీస్తున్నారు. 'వచ్చాడు' అనే మాటను 'వ – చ్చా – డు' అని రాస్తాం. కాని నోరు పలికేది 'వచ్ – చా – డు' అనే. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందని మన ఛందస్సు విధించడంలోని మర్మం ఇదే. మొదటి చకారం వెనుకటి అక్షరాన్ని ఆనుకొని దానికి బరువు కల్పిస్తున్నది. ఈ లెక్కన 'వచ్చాడు' అనేది రెండు గురువులు, ఒక లఘువు గల తగణం. అలాగే సంధులను, సమాసాలను విడదీసేటప్పుడు విద్యార్థులు బుద్ధితో విడదీస్తున్నారు. రెండు పనులూ వారికి వచ్చు. కాని ఆ రెండింటినీ ఒకేచోట, ఒకే మాటపై ప్రయోగించడం మాత్రం అలవాటు చేయలేదు. ముఖ్యంగా క్రియాపదాన్ని విడదీసే పని మన తరగతులలో చాలా తక్కువ.

'వచ్చాడు' అనే మాటను అర్థాన్ని బట్టి విడదీస్తే 'వచ్చ్ – ఆ – డు' అవుతుంది. 'వచ్చ్' రాక అనే పనిని, 'ఆ' గడిచిన కాలాన్ని, 'డు' ఒక పురుషుని తెలుపుతున్నాయి. గీటు సరిగ్గా 'చ్చా' అనే అక్షరం నడిబొడ్డున పడింది. మన లిపిలో అది ఒకే అక్షరం గనుక పొల్లు పెట్టి విడగొడితే గాని అతుకు కనిపించదు. 'రాలేదు' అనే మాటలో ఈ చిక్కు లేదు. పలికినా 'రా – లే – దు', అర్థం చూసినా 'రా', 'లే', 'దు'. ఒక్కొక్కచోట రెండు విభజనలూ ఏకమవుతాయి, ఒక్కొక్కచోట విడిపోతాయి. ఎక్కడ ఏకమవుతాయో, ఎక్కడ విడిపోతాయో గుర్తించగలిగినవాడికి ఆ భాష నిర్మాణం పట్టుబడినట్లే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాలలోని తెలుగు ఇళ్ళలో 'వచ్చాడు' అనే మాట అంతగా వినపడదు. 'వచ్చిండు' అంటారు. మేము 'వచ్చినం', మీరు 'వచ్చిన్రు', నువ్వు 'వచ్చినవు'. ఈ రూపాలు పుస్తకంలోకి వచ్చేసరికి తప్పులుగా మారిపోతాయి. 'వచ్చిండు' అనేది 'వచ్చాడు' అనే సరైన మాటను చెడగొట్టి పలకడమని చాలామంది చదువుకున్నవారు కూడా నమ్ముతారు. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో మాటను విప్పి చూస్తే తేలిపోతుంది.

'వచ్చిన మనిషి' అని అందరమూ అంటాం. అందులోని 'వచ్చిన' అనే రూపానికి ఏ ప్రాంతంలోనూ అభ్యంతరం లేదు. 'వచ్చ్' ధాతువు, 'ఇన' గడచిన కాలాన్ని తెలిపే ప్రత్యయం. దీనికి పురుషుని తెలిపే చివరి భాగం చేరితే 'వచ్చినాడు' అవుతుంది. ఇది పాత పుస్తకాలలో కనిపించే రూపం. కొన్ని ప్రాంతాలలో ఇప్పటికీ వినిపించే రూపం. ఇందులో నాలుగు అక్షరాలు, ఆరు మాత్రలు ఉన్నాయి. నిత్యవ్యవహారంలో అరిగిపోవడం మాటలకు సహజం. కోస్తా ప్రాంతంలో ఈ మాట అరిగినప్పుడు నడుమనున్న నకారం జారిపోయి దాని ఇరుపక్కల అచ్చులు కలిసిపోయాయి. ఆ కలయిక వల్లనే 'వచ్చాడు' అనే మాటలోని దీర్ఘాన్ని శుద్ధమైన ఆకారంగా గాక ఆ, ఏ లకు నడుమ ధ్వనిగా పలుకుతారు. ఆ ధ్వనికి మన లిపిలో ప్రత్యేకమైన గుర్తు లేనందువల్లనే ఒకప్పుడు కొందరు 'వచ్చాడు' అనీ, మరికొందరు 'వచ్చేడు' అనీ రాశారు. తెలంగాణలో అదే మాట మరొక తీరుగా అరిగింది. ఇక్కడ నకారం నిలిచింది. దాని తరువాతి అచ్చు జారిపోయింది. 'వచ్చినడు' కాస్తా 'వచ్చిండు' అయింది. నకారానికి, డకారానికి నడుమ అడ్డు తొలగడంతో రెండూ కలిసి 'ండ' అయినాయి.

రెండు ప్రాంతాలవారూ ఒక్కొక్క అక్షరాన్ని ఆదా చేశారు. 'వచ్చాడు' మూడక్షరాలు, అయిదు మాత్రలు. 'వచ్చిండు' కూడా మూడక్షరాలు, అయిదు మాత్రలే. గణం చూస్తే అదీ తగణం, ఇదీ తగణం. చెవి తక్కెడలో రెండూ సరితూగుతున్నాయి. ఇక అర్థపు తక్కెడలో తూచితే, గడచిన కాలాన్ని తెలిపే 'ఇన' ప్రత్యయపు జాడ 'వచ్చిండు'లో కంటికి కనిపించేంత స్పష్టంగా నిలిచి ఉన్నది. 'వచ్చాడు'లో అది అచ్చులలో కరిగిపోయింది. పాత రూపాన్ని పదిలంగా నిలుపుకోవడమే యోగ్యత అనుకుంటే ఆ యోగ్యత దేనికి ఎక్కువ ఉన్నదో పాఠకులే నిర్ణయించవచ్చు.

ఇంకొక సాక్ష్యం ఉన్నది. ప్రమాణ భాషలో 'ఆమె వచ్చింది' అని రాస్తాం. ఈ రూపాన్ని ఎవరూ తప్పనరు. దీనిని విప్పితే 'వచ్చ్ – ఇన – ది'. 'వచ్చినది' అనే మాటలో నకారం తరువాతి అచ్చు జారిపోయి 'వచ్చింది' అయింది. 'వచ్చినడు' అనే మాటలో అదే అచ్చు జారిపోయి 'వచ్చిండు' అయింది. మార్పు ఒకటే, మార్గం ఒకటే. ఆమె విషయంలో ఒప్పయినది అతని విషయంలో తప్పెలా అవుతుంది? ఒకే సూత్రానికి లోబడిన రెండు మాటలలో ఒకదానికి పీట వేసి, మరొకదానిని గడప అవతల నిలబెట్టడానికి వ్యాకరణంలో ఆధారం లేదు. ఉన్నదల్లా అలవాటు మాత్రమే.

ఈ మాటలు రాస్తున్న నేను కూడా ఆ అలవాటుకు లోబడినవాడినే. ఉపాధ్యాయ వృత్తిలో చేరిన తొలినాళ్ళలో ఒక విద్యార్థి తన తండ్రి గురించి వ్యాసం రాసుకొచ్చాడు. రాత్రి షిఫ్టు ముగించుకొని మా నాయిన పొద్దుగాల ఇంటికి వచ్చిండని అతడు రాశాడు. నేను ఎర్ర సిరాతో ఆ మాటను కొట్టివేసి పైన 'వచ్చాడు' అని రాశాను. అలా ఆ పుటలో పన్నెండు చోట్ల గీతలు గీశాను. తరువాతి వ్యాసాలలో అతని రాత మారింది. గైడు పుస్తకంలోని వాక్యాలు తప్పులు లేకుండా రాసుకొచ్చేవాడు. కాని ఆ వాక్యాలలో తండ్రి లేడు, ఇల్లు లేదు, రాత్రి షిఫ్టు లేదు. నాకు కావలసిన భాష అతనికి వచ్చింది; చెప్పవలసిన సంగతి అతని నుండి వెళ్ళిపోయింది. 'వచ్చింది', 'వచ్చిండు' ఒకే అచ్చులో పోసిన మాటలని ఆనాడు నేను గ్రహించి ఉంటే ఆ పుటను వేరే విధంగా దిద్ది ఉండేవాడిని.

ఈ ఆలోచనకు కొన్ని ఆక్షేపణలు రావచ్చు. రాతకు ఒక ప్రమాణం ఉండవద్దా అన్నది మొదటిది. ఉండవలసిందే. పలు ప్రాంతాలవారు చదివే పుస్తకానికి, దరఖాస్తుకు, పరీక్ష సమాధానానికి అందరికీ పరిచితమైన రూపం మేలు. విద్యార్థి 'వచ్చాడు' అని రాయడం నేర్చుకోవలసిందే. అయితే 'ఇక్కడ ఈ రూపం వాడాలి' అని చెప్పడం వేరు, 'నీ ఇంటి మాట తప్పు' అని చెప్పడం వేరు. మొదటిది మర్యాదను నేర్పుతుంది. రెండవది సిగ్గును నేర్పుతుంది. పాత మాటకు పక్కన కొత్త మాటను చేర్చి, రెండింటి విభజననూ చూపే ఉపాధ్యాయుడు ప్రమాణ భాషకు ఏ హానీ చేయడు. పైగా అది ఎలా ఏర్పడిందో కూడా నేర్పినవాడవుతాడు.

మాటలను ముక్కలు చేస్తే భాషలోని అందం చెడుతుందన్నది రెండవ ఆక్షేపణ. పద్యాన్ని గణాలుగా విడదీసినంత మాత్రాన పద్యం చెడలేదు. పైగా దాని నడక తెలిసింది. క్రియ విషయంలోనూ అంతే.

మూడవ ఆక్షేపణ గట్టిది. ఈ విభజన అన్నిచోట్లా కుదరదు కదా అంటారు. నిజమే. ఫ్రెంచిలో 'వెళ్ళు' అనే క్రియకు 'నేను వెళ్తాను' అన్నప్పుడు 'వే' అనీ, 'మేము వెళ్తాము' అన్నప్పుడు 'ఆలోఁ' అనీ, భవిష్యత్తులో 'ఇరే' అనీ పొంతన లేని రూపాలు వస్తాయి. మన 'వచ్చు' ధాతువు కూడా వచ్చాడు, వస్తాడు, రాడు అని మూడు ముఖాలు చూపుతుంది. ఇటువంటి చోట్ల ఒక్క మాటను చూసి గీటు పెడితే పొరపడతాం. 'వచ్చిండు' అంటే 'వచ్చి ఉండు' అని కొందరు చెబుతారు. చెవికి అది ఇంపుగానే ఉంటుంది. కాని ఆ మాట ఇరుగుపొరుగును కూడా విచారించాలి. 'వచ్చినం', 'వచ్చిన్రు', 'వచ్చినవు' అనే రూపాలలో 'ఉండు' లేదు, 'ఇన' ఉన్నది. కనుక ఆ ఊహ నిలవదు. ఒక మాట గురించి తీర్పు చెప్పేముందు పట్టికలోని మాటలన్నింటినీ సాక్ష్యానికి పిలవడం ఈ విద్యలోని మొదటి నియమం. తోచినదాన్ని చెప్పడం, దానిని పరీక్షించడం, నిలవకపోతే విడిచిపెట్టడం విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ప్రయోగశాలలో నేర్చుకొనే గుణాలు. క్రియల పట్టిక ఆ గుణాలనే ఖర్చు లేకుండా నేర్పుతుంది.

తెలుగులో ఈ విద్యకు గట్టి పరంపర ఉన్నది. ధాతువును, ప్రత్యయాన్ని విడదీసి చూసే పద్ధతిని పాణిని నుండి మన వ్యాకర్తలు గ్రహించారు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన 'బాలవ్యాకరణం'లో క్రియలకు ప్రత్యేకంగా ఒక పరిచ్ఛేదాన్ని కేటాయించాడు. అంతకు ముందే, 1816లో, క్యాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి పీఠిక రాసిన ఎల్లిస్ దొర తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల పక్కన నిలిపి, ఈ భాషలు సంస్కృతం నుండి పుట్టినవి కావనీ, తమలో తాము తోబుట్టువులనీ నిరూపించాడు. మాటను ధాతువు దాకా విప్పడం వల్లనే ఒక భాషాకుటుంబం వెలుగులోకి వచ్చిందన్నమాట. గిడుగు రామమూర్తి పంతులు కొండలలోని సవరల భాషను నేర్చి, దాని వ్యాకరణాన్ని రాశాడు. జనం నోటి తెలుగుకు రాతలో గౌరవం కావాలని పోరాడినవాడూ ఆయనే. లిపి లేని భాషలోనూ నియమం ఉంటుందని చూసిన కళ్ళకు వాడుక తెలుగు భ్రష్టమని తోచకపోవడం సహజమే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రాన్ని బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు క్రియాధాతువులపై ప్రామాణిక గ్రంథాన్ని ప్రకటించాడు. మరుసటి ఏడే ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం వెలువడింది. ధాతువుల లోతును తరచిన పండితుడే రైతుల నోటి మాటలను ఏరి కూర్చాడు. విశ్లేషణ ఎరిగినవారు మాండలికాన్ని చిన్నచూపు చూడరనడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

నేటి అవసరాలు కూడా ఈ విద్యను కోరుతున్నాయి. ఒక్క తెలుగు ధాతువు నుండి కాలాన్ని, కర్తను, వ్యతిరేకార్థాన్ని, సందేహాన్ని బట్టి వందలాది రూపాలు పుడతాయి. వాటన్నింటినీ నిఘంటువులో చేర్చడం అసాధ్యం. అందువల్ల కంప్యూటరుకు తెలుగు నేర్పేవారు మాటను భాగాలుగా విడదీసే పద విశ్లేషకాలను రూపొందించవలసి వచ్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో, అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థలో ఈ దిశగా కృషి జరిగింది. యంత్రానికి మనం ఏ రూపాలు నేర్పుతామో అది ఆ రూపాలనే గుర్తిస్తుంది. 'వచ్చాడు' మాత్రమే నేర్పితే 'వచ్చిండు' అన్న మనిషి దానికి అర్థం కాడు. ఎర్ర సిరా గీత అక్కడ కూడా పడుతుంది. ఈసారి దానిని దిద్దుకొనే అవకాశం ఉపాధ్యాయునికి ఉండదు.

తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. ఫలితంగా ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికుల పిల్లలు కూడా తెలుగు చదువుతున్నారు. అటువంటి విద్యార్థికి వీధి 'వచ్చిండు' అని నేర్పుతుంది. పుస్తకం 'వచ్చాడు' అని నేర్పుతుంది. ఈ రెండింటికీ చుట్టరికం ఉన్నదని చెప్పకపోతే అతడు రెండు వేర్వేరు మాటలుగా బట్టీ పట్టవలసి వస్తుంది. చుట్టరికం చూపితే ఒక సూత్రంతో పని తీరుతుంది. అతని హిందీలో 'ఆయా', 'ఆయీ', 'ఆయే' అనే రూపాలున్నాయి. వాటి చివరి అచ్చు వచ్చినది పురుషుడో, స్త్రీయో, పలువురో చెబుతుంది గాని నేనో, నువ్వో, అతడో చెప్పదు. తెలుగు క్రియ చివరి భాగం ఆ సంగతి కూడా చెబుతుంది. ఈ పోలికను అతడే తరగతిలో వివరించగలిగితే, అప్పటివరకు తెలుగు రానివాడుగా వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థి అందరికీ పాఠం చెప్పినవాడవుతాడు.

ఇందుకు కొత్త గ్రంథాలు గాని, పరికరాలు గాని అక్కరలేదు. వారానికి ఒక అరగంట చాలు. ప్రతి విద్యార్థీ బస్సులోనో, ఇంటి దగ్గరనో, కర్మాగారం ముందున్న టీ బండి వద్దనో తాను విన్న అయిదు క్రియాపదాలను రాసుకొని రావాలి. మొదటి వరుసలో వాటిని పలికే తీరుగా విడదీయాలి. రెండవ వరుసలో అర్థాన్ని బట్టి విడదీయాలి. మూడవ వరుసలో అదే భావాన్ని పుస్తక భాషలోనూ, తనకు తెలిసిన మరొక భాషలోనూ రాయాలి. ఆ భాష ఫ్రెంచి కావచ్చు, ఒడియా కావచ్చు, అమ్మమ్మ మాట్లాడే మరాఠీ కావచ్చు. గీట్లు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో తరగతి అంతా కలిసి చర్చించాలి. పరీక్షలో దీనికి మార్కులున్నాయా అని విద్యార్థులు అడగవచ్చు. గణవిభజనకు, సంధి విభజనకు మార్కులున్నప్పుడు క్రియా విభజనకు కొన్ని మార్కులు కేటాయించడం అసాధ్యమైన పని కాదు. ఆ దిశగా విద్యావేత్తలు ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

ప్రతి సంవత్సరం ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా, సెప్టెంబరు 9న కాళోజీ నారాయణరావు జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ రోజులలో భాషను పొగిడే ఉపన్యాసాలు ఎన్నో వింటాం. పొగడ్త కంటె పరిశీలన భాషకు ఎక్కువ మేలు చేస్తుంది. ఒక మాటను చేతిలోకి తీసుకొని, దాని అతుకులు ఎక్కడున్నాయో వెదికి, అది ఏ దారిన మన దాకా వచ్చిందో తెలుసుకొన్న విద్యార్థి ఇంటి మాటను చూసి సిగ్గుపడడు. పరాయి మాటను చూసి బెదరడు. రాత్రి షిఫ్టు నుండి ఇంటికి వచ్చే తండ్రి గురించి అతడు రాయగలుగుతాడు. పుస్తకంలో ఆ తండ్రి వచ్చాడు, ఇంటిలో వచ్చిండు. రెండుచోట్లా వచ్చినవాడు ఒక్కడే.